వదులైన కాలరు

ఇది ఒక మహేతిహాసం. ఇందులో ధీరోదాత్తుడైన నాయకుడున్నాడు. ఆయన ఉదరకుహరంలో ఎవరి కంటా పడకుండా కొలువుతీరిన రాక్షసుడున్నాడు. ఆ రాక్షసునిపై రెండుమార్లు ఖడ్గం దూసిన వైద్యశిఖామణి ఉన్నారు. శౌర్యం, త్యాగం, కన్నీరు తగుపాళ్లలో ఉన్నాయి. పాఠకులు ఉత్తరీయపు చెంగులు సిద్ధం చేసుకోవలసిందిగా ప్రార్థన.

ఇతిహాసం కాదు. ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఎవరు రిటైరైనా సన్మానపత్రం రాసేది నేనే కాబట్టి, కలం పట్టగానే చెయ్యి దానంతటదే ‘ధీరోదాత్తుడు’ అని రాసేస్తుంది. జరిగింది ఇంతే. ఆదోనిలో ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన టైలర్ ఈరన్న, మా అక్క సరోజ భర్త, నాకు బావ, పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం ఇంట్లోనే కన్నుమూశాడు. వయసు యాభై రెండు. కడుపులో పుట్టిన ఒక అరుదైన గడ్డ ఆయన్ను తీసుకుపోయింది. అది గడ్డేమోనని ఆయన అందరికంటే ముందే నాతో చెప్పాడు. నేను జోకు వేశాను. ఈ వ్యాసం మొత్తం ఆ రెండు వాక్యాల గురించే. తొందర ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు.

ఆ మంగళవారం నేను జిన్నింగ్ మిల్లులో నా గుమాస్తా కుర్చీలో ఉండగా ఫోను మోగింది. బావ దుకాణంలో కాజాలు, గుండీలు చూసే మహబూబ్ చాచా. ‘‘బేటా, ఈ పొద్దు దుకాణం తీయల్ల్యా’’ అన్నాడు. అంతే అన్నాడు. ఇక్కడ ‘నేను దిగ్భ్రాంతి చెందాను’ అని రాయడం ఆచారం. చెందలేదు. మూడు నెలలుగా తెలిసిందే. నన్ను కుదిపేసింది వేరొకటి. ‘ఏం చాచా, తాళంచెవి పోగొట్టుకున్నావా’ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. బావ పోయిన ఆ నిమిషంలో కూడా నా నోరు తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

టైలర్ల సంఘం పెద్దలు ఈ సంస్మరణ సంచిక కోసం ‘‘నాలుగు మంచి ముక్కలు, కొంచెం నవ్వొచ్చేటట్లు’’ రాయమన్నారు. మంచి ముక్కలతో మొదలుపెడతాను.

బట్టల బజారు వెనక సందులో, నాలుగు మెట్లెక్కితే బావ దుకాణం. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఒక నిలువుటద్దం, ఒక బెంచీ. బల్ల బావది, రెండో మిషను చాచాది, బెంచీ నాది. మిల్లులో మధ్యాహ్నం గంట కొట్టగానే అక్క పంపిన జొన్నరొట్టె తినడానికి అక్కడికే పోయేవాణ్ణి. తిన్న తర్వాత కూడా పోయేవాణ్ణి కాదని బావ అనేవాడు.

తన ఎదుట నిలబడిన మనిషిని ‘లావైనావు’ అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఒకసారి రిటైరైన సైన్సు సారు ఒకాయన పోయినేటి ప్యాంటు సంచిలో పెట్టుకుని వచ్చాడు. ‘‘ఈరన్నా, నడుము పట్టడం లేదప్పా.’’ బావ ప్యాంటు తిప్పి చూసి, తల పంకించి, ‘‘గుడ్డ కుదించుకపోయింది సార్. ఈ మధ్య మిల్లులోల్లు ఇట్లే చేస్తాండారు’’ అన్నాడు. అది పాలియెస్టరు గుడ్డ. నీళ్లలో నానబెట్టినా, నెలంతా ఎండలో వేలాడదీసినా కుదించుకుపోయే జాతి కాదు. ఆ సంగతి సైన్సు సారుకు తెలియకుండా ఉంటుందా? అయినా ఆయన ‘‘నేనూ అదే అనుకున్న్యా’’ అని మెడ నిటారుగా పెట్టుకుని మెట్లు దిగాడు. తప్పు ఎప్పుడూ గుడ్డ మీదికే పోవాలి, మనిషి మీదికి రాకూడదు. అది బావ పద్ధతి.

కొలతలు ఇచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్ల గురించి ఆయన మాట ఒకటి ఈ సంఘంలో అందరికీ తెలుసు. ‘‘పీల్చినోళ్లకు రెండించులు ఎక్కువ రాసుకుంటా. పాపం, ఇంటికి పోయినాంక ఊపిరి ఇడవాల గదా.’’

దసరాకు కర్రలతో కొట్టుకునే దేవరగట్టు పండగ అయిన వారానికి హొళగుంద వైపు నుంచి ఒక పెళ్లికొడుకు కుడిచేతికి సిమెంటు కట్టుతో వచ్చాడు. ముహూర్తం నాలుగు రోజుల్లో. కుట్టిన కోటు చెయ్యి కట్టు మీద ఎక్కదు. వాళ్ల నాన్న ఏడుపు ఒక్కటే తక్కువ. బావ భుజం నుంచి మణికట్టు దాకా కుట్టు విప్పి, లోపల పట్టీ వేసి, వరసగా ప్రెస్ బటన్లు పెట్టాడు. ఎవరైనా అడిగితే కొత్త ఫ్యాషనని చెప్పమన్నాడు. ఆ మరుసటి నెలలో చెయ్యి నిక్షేపంగా ఉన్న ఇద్దరు పెళ్లికొడుకులు అదే ఫ్యాషను కావాలని వచ్చారు. బావ కుట్టిచ్చాడు. నవ్వలేదు. నవ్వే శాఖ నాది.

ఇక మా దుకాణం ఆచారం చెప్పాలి. అమావాస్య నాడు బావ మిషన్లకు, కత్తెరకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేసేవాడు. పూజయ్యాక తీసే మొదటి కొలత బయటివాళ్లది కాకూడదు, ఇంటి మనిషిది కావాలి. అది వాళ్ల నాన్న పెట్టిన నియమం. ఒక అమావాస్యకు నేను టేపు లాక్కుని ‘‘ఈ పొద్దు నీ కొలత నేను తీస్తా బావా’’ అన్నాను. టైలరు కొలత తీసేవాడెవడూ లేడు కదా అని నా వాదన. ఆయన గిరాకీలాగా చేతులెత్తి బుద్ధిగా నిలబడ్డాడు. నడుము ముప్పై ఎనిమిది వచ్చింది. అంతకు ముందు ఆయనకు బొజ్జ లేదు. మా వాట్సాప్ గ్రూపులో ఆ అంకె పెట్టాను. అందరూ నవ్వారు. దానితో అది ప్రతి అమావాస్యకూ సాగింది. నేను దానికి ‘బొజ్జ బులెటిన్’ అని పేరు పెట్టాను. బావను బామ్మర్ది ఎంతైనా అనవచ్చు, బావ కోపం తెచ్చుకోకూడదు. మా వైపు అది చట్టం. ఆ చట్టం కింద నేను పూర్తి అధికారాలు వాడుకున్నాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం. రొట్టె తిని బెంచీ మీద కూర్చున్నాను. బావ అద్దం ముందు నిలబడి, తన కాలరులో రెండు వేళ్లు దూర్చి తిప్పుతున్నాడు.

‘‘రాఘూ, ఈ అంగీ పోయినేడు కుట్టుకున్న్యా. కాలరు వదులైతాంది.’’

‘‘కొత్తది కుట్టిచ్చుకో బావా. తెలిసిన టైలరు ఉండాడు గదా.’’

‘‘ఆటలాడకప్పా, ఇను. నడుము పెరుగుతాంది, మెడ తగ్గుతాంది. లావైనోల్లకు మెడ గూడా లావు గావాల, దండచేయి లావు గావాల. ముప్పై ఏండ్ల నుంచి కొలతలు తీస్తాండా, ఇట్లాంటి కొలత యానాడూ సూళ్ల్యా. ఇది లావు గాదు. లోపల ఏమన్నా ఉండాదేమో అని...’’

ఆయన అక్కడ ఆగాడు. అడగడానికి చోటు వదిలాడు. చాచా సూది కూడా ఆగింది. ‘ఏముంటుంది బావా, ఒకసారి చూపించుకుందామా’ అనే మాటకు అక్కడ కావలసినంత జాగా ఉంది.

‘‘లోపల ఏముంటాది బావా’’ అన్నాను. ‘‘అక్క ముందర తల ఊపి ఊపి మెడ అరిగింది. అరిగిందంతా కిందికి జారింది.’’

చాచా దగ్గు వచ్చేదాకా నవ్వాడు. మెట్ల మీద నిలబడిన గిరాకీ నవ్వాడు. బావ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ‘‘నీ నోరు పాడుగాను’’ అని టేపు మళ్లీ మెడలో వేసుకుని బల్ల దగ్గరికి పోయాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అది మంచి జోకే. అదే నా బాధ. చెత్త జోకైతే ఎవరూ నవ్వరు, ఆయన ఇంకోసారి చెప్పి ఉండేవాడు.

ఆ తర్వాత ఎనిమిది అమావాస్యలు గడిచాయి. ఎనిమిది బులెటిన్లు పంపాను.

పదో తరగతి చదివిన మనిషి, ఒక టేపుతో, ఒక అద్దంతో తన రోగాన్ని తానే కనిపెట్టాడు. ఆ తర్వాత పెద్ద పెద్ద యంత్రాలు చెప్పింది కూడా దాదాపు అదే. మధ్యలో వచ్చిన అడ్డంకి నేను. ఊళ్లో తీసిన మొదటి స్కానులో కూడా ‘కొవ్వు ఎక్కువగా ఉంది’ అనే రాశారు, గ్యాసుకు సిరప్ ఇచ్చారు. దాన్ని అడ్డం పెట్టుకుని కొన్నాళ్లు తప్పించుకు తిరిగాను. కానీ ఆ స్కాను జరిగింది ఎనిమిదో బులెటిన్ తర్వాత. అప్పటికి ఆయన అరరొట్టెకే చెయ్యి కడుక్కుంటున్నాడు, మిషను ముందు కూర్చుంటే పొట్ట బల్లకు ఒరుసుకుంటోంది. సగం తిండి తినే మనిషి రెండింతలు కావడం ఏమిటని అక్క పట్టుబట్టింది. కర్నూలులో సీటీ స్కాను తీసినవాళ్లు మారు మాట్లాడకుండా హైదరాబాదుకు రాసిచ్చారు.

అక్కడ మమ్మల్ని చూసిన శస్త్రవైద్యురాలు కడుపులోని ఇలాంటి గడ్డలనే ఎక్కువగా కోసే మనిషి. స్కాను ఫిల్ము వెలుగులో పెట్టి చూపించారు. పేగుల వెనక, వెన్నెముకకు ముందు, మూత్రపిండం చుట్టూ సహజంగా కొంత కొవ్వు ఉంటుందట. ఆ కొవ్వులోంచి పుట్టిన గడ్డ ఇది. పేరు లైపోసార్కోమా. క్యాన్సరే, కానీ జనం మామూలుగా వినే రకం కాదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. పేగుల్ని పక్కకు నెట్టుకుంటూ నిశ్శబ్దంగా చోటు చేసుకుంటుంది. బయటికి బొజ్జలాగే కనిపిస్తుంది. మా వంశంలో అరుదైనదంటూ వచ్చింది ఇదొక్కటే.

‘‘ఎప్పటి నుంచి పెరుగుతోంది?’’ అని అడిగారు ఆమె.

అక్క ‘‘కొన్నాల్ల నుంచి బొజ్జ వచ్చింది మేడమ్’’ అంది. ‘‘కొన్నాళ్లంటే?’’ అక్క బావ వైపు తిరిగింది.

‘‘మా బామ్మర్ది కాడ అంతా రాసిపెట్టుండాది మేడమ్’’ అన్నాడు బావ, గర్వంగా. ‘‘నెలనెలా తీసినాడు. రాఘూ, సూపిచ్చు.’’

ఫోను ఇంట్లో మరిచిపోయానని చెప్పాలనుకున్నాను. అది నా చేతిలోనే ఉంది. ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, అందరికీ వినిపించేలా చదవడం మొదలుపెట్టారు.

‘‘శ్రీశ్రీశ్రీ ఉదరేశ్వరస్వామివారి అమావాస్య దర్శనం. నడుము నలభై ఒకటి. భక్తులు కొబ్బరికాయలు స్వామివారి మీద కొట్టరాదు.’’ కాగితం మీద ఒక అంకె, పక్కన నెల రాసుకున్నారు. ‘‘నడుము నలభై రెండున్నర. కవలలని అనుమానం. సీమంతానికి ముహూర్తం చూడవలెను.’’ ఇంకో అంకె. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. మందుచీటీ చదివినట్టే చదివారు. నేను రాసిన దేన్నీ ఎవరూ అంత శ్రద్ధగా చదవలేదు.

‘‘బొడ్డు మీదుగా కొలిచారా, పైనా?’’

‘‘బొడ్డు మీదుగానే మేడమ్’’ అన్నాను.

‘‘ఊపిరి ఇడిసినాంక కొల్సాల అని నేనే నేర్పిచ్చినా మేడమ్’’ అన్నాడు బావ. ‘‘టేపు వదుల్లేకుండా.’’

‘‘మంచిది. ఎంత వేగంగా పెరుగుతోందో దీన్నిబట్టి తెలుస్తుంది. చాలామంది ఇంత వివరంగా చెప్పలేరు.’’ ఆమె ఫోను తిరిగి ఇచ్చి, కాగితం మడిచి, మామూలుగానే అడిగారు. ‘‘మరి ఇన్ని నెలల్లో ఎవరికీ అనుమానం రాలేదా?’’

నేను బావ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, ‘‘లేదు మేడమ్. అందరమూ లావే అనుకుంటిమి’’ అన్నాడు.

సైన్సు సారుకు చెప్పిన గొంతుతోనే చెప్పాడు.

గడ్డ రకం తేల్చడానికి వీపు వైపు నుంచి సూదితో చిన్న ముక్క తీయాలన్నారు. ‘‘ఎన్నో నంబరు సూది మేడమ్?’’ అని బావ అడిగాడు. ‘‘పదహారు’’ అన్నారామె. ‘‘ప్యాంటుగుడ్డకు వాడేది’’ అని ఆయన తల ఊపాడు. రెండు లోకాల నంబర్లకూ సంబంధం లేదని తర్వాత నర్సు చెప్పింది. బావ నమ్మలేదు.

ఆపరేషన్ గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేనూ అక్కా బయటివాళ్లమైపోయాం. ‘‘దీన్ని మందులు పెద్దగా కరిగించలేవు. కోసి తీయడమే. కుడి కిడ్నీ దాంట్లో మునిగిపోయి ఉంది. కిడ్నీని, పెద్దపేగులో కొంత భాగాన్ని గడ్డతో కలిపే తీయాలి. చుట్టూ కాస్త మంచి భాగం కూడా పోతుంది.’’

‘‘మార్జిన్ అంటారా మేడమ్?’’

‘‘మేమూ అదే మాట వాడతాం.’’

‘‘మేము లోపల మార్జిన్ వదుల్తాం, రేపు లావైతే ఇప్పుకోనీకి. మీరు మార్జిన్ తీసుకపోతారు.’’

‘‘మళ్లీ విప్పాల్సిన పని రాకూడదని.’’

బావ ఆలోచించాడు. ‘‘తుంటలు తుంటలుగా కత్తిరియ్యొద్దు మేడమ్. ఒకే పీసుగా తీయండి.’’

‘‘నేనూ అదే చెప్పబోతున్నాను ఈరన్నగారూ. మధ్యలో చిరిగితే విత్తనాలు చల్లినట్టవుతుంది.’’

ఉదయం ఎనిమిదికి లోపలికి తీసుకుపోయారు. సాయంత్రం నాలుగున్నరకు తలుపు తెరిచారు. ఆ ఎనిమిదిన్నర గంటలు యుగాలుగా గడిచాయని రాయాలి. గంటలుగానే గడిచాయి. అక్క మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను మూడు టీలు తాగాను, ఒకదానితో బిస్కెట్ కూడా. తీసిన గడ్డను ట్రేలో పెట్టి చూపించారు. అక్క తల తిప్పుకుంది. నేను చూశాను. లేతపసుపు రంగులో, మెత్తగా, నున్నగా, పెద్ద వెన్నముద్దలా ఉంది. కోరలు లేవు. చూసి భయపడటానికి ఏమీ లేదు. నేను నెలనెలా స్తోత్రాలు రాసింది దీని మీదే. ఉదరేశ్వరస్వామివారి నిజరూప దర్శనం నా ఒక్కడికే అయింది.

స్పృహ వచ్చిన మరునాడు బావ దుప్పటి ఎత్తి పొట్ట చూసుకున్నాడు. కోత పొడవునా లోహపు పిన్నులు. ఆయన ముఖం ముడుచుకుపోయింది. డాక్టరమ్మ రాగానే ‘‘ఏం మేడమ్, అంత పని చేసి ఆఖరుకు స్టేప్లరు కొట్టినారు. నేను కాగితాల కట్టనా?’’ అన్నాడు. ‘‘లోపలంతా కుట్లే వేశామండీ.’’ ‘‘లోపల ఎవురు సూడొచ్చినారు మేడమ్?’’ ఆమె నవ్వడం మేము మొదటిసారి చూశాం.

ఆ వార్డులో పదిహేను రోజులున్నాం. కోయించుకున్నవాళ్లందరికీ పక్కటెముకల కింద నుంచి గొట్టం, గొట్టానికి చివర సీసా. అంగీ వేసుకుంటే గొట్టం నలుగుతుంది, వేసుకోకపోతే చలి, పైగా చూడవచ్చినవాళ్ల ముందు సిగ్గు. బావ అక్క చేత సూది, దారం తెప్పించి, తన పాత అంగీ పక్కకుట్టు విప్పి, నాడాలు పెట్టి, లోపల సీసాకు ఒక జేబు కుట్టుకున్నాడు. మరునాటికి పక్క మంచం ఆయన తన అంగీ పంపాడు. మూడో రోజుకు ఎదురు వరస నుంచి ఒక ముసలామె తన మనవడి చొక్కా పంపింది. ఒక కిడ్నీ, ముప్పావు పేగు, పొట్టకు పిన్నులు ఉన్న మనిషి దిండుకు ఆనుకుని ఆరు అంగీలు కుట్టాడు. వెళ్లేరోజు కొలతలు కావాలని ఒక నర్సు కూడా వచ్చి నిలబడింది.

మూడు నెలల తర్వాత తనిఖీకి పోయినప్పుడు డాక్టరమ్మను లిఫ్టు దగ్గర ఒంటరిగా పట్టుకున్నాను. ‘‘మేడమ్, ఎనిమిది నెలల ముందు వచ్చి ఉంటే?’’ అని అడిగాను. తిడతారనో, ఓదారుస్తారనో అనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే పోయాను. ‘‘చిన్నగా ఉంటే తీయడం తేలికయ్యేది. కిడ్నీ మిగిలేదేమో. చిన్నగా ఉన్నప్పుడు తీసినా ఈ రకం మళ్లీ రావచ్చు. అంతకు మించి నేను చెప్తే అది ఊహే’’ అన్నారు. లిఫ్టు వచ్చింది. ‘‘తర్వాతి స్కాను మరిచిపోకండి’’ అని ఎక్కి వెళ్లిపోయారు. నా అపరాధానికి తగిన శిక్ష వేసేంత తీరిక ఆ ఆసుపత్రిలో ఎవరికీ లేదు.

బావ దుకాణానికి తిరిగొచ్చాడు. ఏడాదిన్నర బాగున్నాడు. నేను మాత్రం బులెటిన్లు ఆపేశాను. గ్రూపులో పొద్దున పూల బొమ్మలు తప్ప ఏమీ లేవు. ‘‘ఏమప్పా, కోసింది నన్ను. కుట్లు నీ నోటికి ఏసినారా?’’ అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. ఒక అమావాస్యకు ఆయనే, తన ఫోనులో ఒక్కో అక్షరం వెతుక్కుని, గ్రూపులో పెట్టాడు. ‘స్వామి వారు సన్నబడినారు. నడుము ముప్పై నాలుగు. కొబ్బరికాయలు కొట్ట వచ్చును.’ ఇరవైమంది ఉన్న గ్రూపు. నవ్వవచ్చో కూడదో ఎవరికీ తెలియక అందరూ చూసి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. అరగంట తర్వాత అక్క ఒక బొటనవేలు పెట్టింది. అదీ చెయ్యి తగిలి పడిందట.

గడ్డ మళ్లీ వచ్చింది. రెండోసారి కోశారు. ఈసారి అది గట్టిపడింది, జాతి మార్చుకుంది, తొందరపడుతోంది అన్నారు. ఇంకో ఏడాదికి మూడోసారి వచ్చినప్పుడు పేగులకు నెత్తురు తీసుకుపోయే పెద్ద నాళాలను చుట్టుకుని ఉంది. డాక్టరమ్మ ఫిల్ము చాలాసేపు చూసి, ‘‘ఇక నేను కోయకూడదు ఈరన్నగారూ’’ అన్నారు. అది చెప్పడానికి ఆమెకు చాలా కష్టమైంది. బావే ఆమెను ఆ కష్టంలోంచి బయటపడేశాడు. ‘‘ఒకే గుడ్డను ఎన్నితూర్లు ఇప్పి కుడ్తారు మేడమ్. పోగులు నిలబడవు. మీ తప్పేం లేదు.’’

చివరి నెలల్లో ఆయన దుకాణానికి వచ్చి నా బెంచీ మీద పడుకునేవాడు, చాచా కత్తిరిస్తుంటే చూసేవాడు. ఒక మధ్యాహ్నం చాచా నమాజుకు పోయినప్పుడు గుండె చిక్కబట్టుకుని మొదలుపెట్టాను.

‘‘బావా, ఆ పొద్దు నువ్వు కాలరు గురించి చెప్పినావు. నేను...’’

‘‘యా పొద్దు?’’

‘‘అద్దం ముందర నిలబడి. మెడ తగ్గుతాంది అన్న్యావు.’’

‘‘మతికి లేదప్పా’’ అన్నాడు కళ్లు మూసుకుని. ‘‘ఆ నీలం దారం రీలు కింద పడింది, తీసి పెట్టు.’’

తీసి పెట్టాను. ఇలా మాట అడ్డం వేస్తే ఇక ఎత్తడానికి ఉండదు. ఆయన పోయాక చాచా చెప్పాడు. ‘‘ఆయనకు అంతా యాదుంది బేటా. ‘వాని ముందర ఆ మాట ఎత్తొద్దు చాచా, పాపం నవ్వుతా నవ్వుతా అన్న్యాడు’ అని నాతో అన్న్యాడు.’’ చాచా ఇది నన్ను ఓదార్చడానికి చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు ఆ సందులోకి పోవాలంటే ముఖం చెల్లడం లేదు. తిట్టి ఉంటే సరిపోయేది. తిట్టకపోగా, మూడేళ్లు, రెండు కోతలతో, నా మీద ఈగ వాలకుండా కాపలా కాశాడు. ఎవడైనా నా మీద జోకు వేస్తే నేను రెండు రోజులు పలకను.

ఈరన్న మరణం ఆదోని పట్టణ సౌచికలోకానికి, అంటే టైలర్లందరికీ, తీరని లోటు. ఈ వాక్యం ఎన్నో సన్మానపత్రాల్లో ఊరికే వాడాను, ఈసారి దాని అర్థం చూసి వాడుతున్నాను. మొన్న కూరగాయల మార్కెట్లో నా ముందు ఎవరో పోతున్నారు. ముఖం తెలియదు. వీపు మీద భుజం కుట్టు చూసి అది బావ చెయ్యి అని తెలిసింది. ఎక్కడా ముడత లేదు, ఎక్కడా లాగడం లేదు. వంకాయలు కొనడం మాని ఆ వీపు వెంట బస్టాండు దాకా నడిచాను. అలాంటి వీపులు ఈ ఊళ్లో ఇంకా కొన్ని వందలుంటాయి. ఉతికీ ఉతికీ ఒక్కొక్కటే చిరిగిపోతాయి. చేతులు జోడించడానికి నాకు ఇప్పుడు ఆ కుట్లే మిగిలాయి. బావా, నన్ను క్షమించమని అడగను. అడిగితే ‘మతికి లేదప్పా’ అంటావు.

ఇక్కడికి ముగించి, అచ్చుకు ఇవ్వబోయే ముందు అక్కకు చదివి వినిపించాను. కాలరు సంగతి ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. అక్క వంటింట్లో జొన్నపిండి జల్లిస్తూ వింది. ఆ భాగం చదివేటప్పుడు తల ఎత్తలేకపోయాను. జల్లెడ చప్పుడు మాత్రం ఆగలేదు.

‘‘నాకూ సెప్పినాడు’’ అంది.

‘‘ఏం సెప్పినాడు?’’

‘‘కాలరు వదులైతాందని. ఆ పొద్దే, నీకంటే ముందర. అంగీ ఏసుకుంటా సెప్పినాడు.’’

‘‘నువ్వేమన్న్యావు?’’

‘‘కొళాయి వచ్చింది, బిందె అందుకోమన్న్యా.’’

జల్లెడ తిరుగుతూనే ఉంది. ఆ ఉదయం ఆమెకు చెప్పి, వినకపోతే, మధ్యాహ్నం నాకు చెప్పాడన్నమాట. అప్పటిదాకా మోసుకుని తిరిగాడు.

‘‘అది గూడా రాయి’’ అంది అక్క. ‘‘తప్పంతా నీదొక్కనిదే అన్నట్టు రాసుకున్న్యావు, పెద్ద మనిషి మాదిరి.’’

‘‘రాస్తాలే.’’

‘‘స్కాను సంగతి రాసినావా?’’

‘‘ఏం సంగతి?’’

‘‘కర్నూలుకు పోయి ఒకతూరి ఉత్తగ తిరిగొస్తిమి గదా. అది తెలిస్తే ఇంగొకరికి ఒక దినమన్నా మిగుల్తాది. అది రాయి ముందర.’’

రాస్తున్నాను. పొట్టకు సీటీ స్కాను తీయించుకునేవాళ్లు నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కాగితం వెంట తీసుకుపోవాలి. పాతది చూపిస్తే ఒప్పుకోరు. అది లేకపోతే స్కానులో లోపలి భాగాలు స్పష్టంగా కనిపించడానికి వేసే రంగు ఇంజక్షన్ ఇవ్వరు, మళ్లీ రమ్మంటారు. ఆదివారం పోవద్దు, ఆ ఇంజక్షన్ ఇచ్చేవాళ్లు ఉండరు.